గూస్ నది పంతులమ్మ ఊళ్లలో

ఓగోట్ రోఎన్ పేరు అమెరికాలోనే చాలామంది విని ఉండరు. 1873లో పుట్టి 1957లో పోయిన పల్లెటూరి పంతులమ్మ ఆవిడ. అమ్మానాన్నలు నార్వే నుంచి వలస వచ్చిన రైతులు. అప్పటి డకోటా టెరిటరీలో గూస్ నది పక్కన, ఇప్పటి లెక్కలో నార్త్ డకోటా రాష్ట్రం స్టీల్ కౌంటీ న్యూబర్గ్ టౌన్‌షిప్‌లో పెరిగారు. తండ్రి తాగుడు, తీరని అప్పులు, పొలం పనికి మధ్యమధ్య ఆగిపోయే చదువు. అయినా టీచరయ్యారు, పల్లె బడుల్లో పాఠాలు చెప్పారు, చివరికి ఆ కౌంటీ బడులన్నిటికీ సూపరింటెండెంట్ అయ్యారు. డెబ్భై అయిదేళ్లు దాటాక ఆమె చిన్ననాటి జ్ఞాపకాలు 1950లో అచ్చయ్యాయి.

ఈ యాత్ర ఆవిడ ఇల్లు వెతకడానికి కాదు. "అంకితభావం గల ఉపాధ్యాయురాలు" అనే మాట సన్మాన పత్రాల్లో చదివి చదివి అరిగిపోయింది. ఆ అంకితభావం రోజుకు ఎన్ని పాఠాలు, ఎన్ని బకెట్ల బొగ్గు, ఎన్ని మైళ్లు అన్నది ఆ నేల మీద తిరిగితేనే తెలుస్తుంది. జులై మొదట్లో బయల్దేరితే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. పల్లె మ్యూజియాలు తెరిచి ఉండేదీ ఆ రోజుల్లోనే.

శుక్రవారం: మూర్‌హెడ్, ఫార్గో

రెడ్ రివర్‌కు ఇవతల మిన్నెసోటాలోని మూర్‌హెడ్, అవతల నార్త్ డకోటాలోని ఫార్గో. వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది, ఊరు మారినట్టే ఉండదు. ఈ నది ఉత్తరానికి, కెనడా వైపు పారుతుంది. వసంతంలో దక్షిణాన మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీళ్లకు దారి లేక వెనక్కి తన్నుతాయి. ఇక్కడి వరదలకు పెద్ద కారణం అదే. చుట్టూ నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. మంచుయుగం చివర్లో ఉన్న అగస్సీ అనే మహా సరస్సు అడుగు ఇది. గోధుమ, చక్కెర దుంప, సోయా బాగా పండుతాయి.

మూర్‌హెడ్‌లో ముందు చూడాల్సింది యెమ్‌కామ్‌స్ట్ సెంటర్. లోపల 76 అడుగుల పైన పొడవున్న వైకింగ్ ఓడ ఉంది. కట్టినది ఓ బడి మనిషే. మూర్‌హెడ్ జూనియర్ హైస్కూల్లో పిల్లలకు సలహాదారుగా పనిచేసిన రాబర్ట్ ఆస్ప్, 1974లో హాలీ అనే ఊళ్లో పాత బంగాళాదుంపల గోదాములో పని మొదలుపెట్టాడు. మధ్యలో లుకేమియా వచ్చింది. 1980లో ఓడ నీళ్లలోకి దిగింది, ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. 1982లో ఆయన పిల్లలు, ఇంకొందరు కలిసి డులూత్ రేవు నుంచి నార్వేలోని బెర్గెన్ దాకా దాన్ని నడిపారు. ఓక్ పలకలు ఒకదాని మీద ఒకటి అంచు ఎక్కేలా బిగించిన తీరు దగ్గరికెళ్లి చూడాలి. బయట ఆవరణలో నార్వేలోని హోపర్‌స్టాడ్ కొయ్య చర్చికి నమూనా ఉంది. లోపల చీకటి, చెక్క వాసన. రెంటికీ కలిపి గంటన్నర చాలు. చర్చి లోపలికి తీసుకెళ్లే వేళలు టికెట్ దగ్గరే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇదే ఊళ్లో నార్వే లూథరన్లు 1891లో పెట్టిన కాంకోర్డియా కాలేజీ ఉంది. దానికంటే మూడేళ్ల ముందు, 1888లో, ప్రభుత్వ నార్మల్ స్కూల్ తెరిచారు. నార్మల్ స్కూల్ అంటే పల్లెబడికి టీచర్లను తయారుచేసే బడి. రైతుల ఆడపిల్లలకు పొలం, పెళ్లి, ఇళ్లలో పని కాక మరో దారి కావాలంటే ఇలాంటి చోటికే రావాలి.

ఫార్గోలో నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ క్యాంపస్ ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్లు కనబడతారు, మన సరుకులూ దొరుకుతాయి. శాకాహారులు ఇక్కడే పచ్చళ్లు, అటుకులు, పొడులు కొని బండిలో పెట్టుకోవాలి. ముందుకెళ్లే కొద్దీ హోటల్ అంటే ఊరికొకటి, అదీ మధ్యాహ్నం రెండింటికి మూసేస్తారు. ఈ రాష్ట్రంలో ఎక్కడ చూసినా దొరికే నెఫ్లా సూప్ చూడటానికి బంగాళాదుంపలు, పిండి ముద్దలు, మీగడ అంతే. కాని అడుగున ఉన్నది దాదాపు ఎప్పుడూ కోడి రసమే. అది నార్వే వంట కూడా కాదు, రష్యా నుంచి వచ్చిన జర్మన్లది. గిన్నె ఆరేడు డాలర్లు.

శనివారం: వెస్ట్ ఫార్గో, ఒకే గది బడి

ఫార్గోను ఆనుకుని ఉన్న వెస్ట్ ఫార్గోలో బోనాంజావిల్ అనే పాత ఊరి మ్యూజియం ఉంది. చుట్టుపక్కల నుంచి ఇళ్లు, చర్చి, దుకాణాలు పెళ్లగించి తెచ్చి ఒకచోట నిలబెట్టారు. అందులో పల్లెబడి చూడకుండా రాకూడదు. మన దగ్గర ఏకోపాధ్యాయ పాఠశాల అంటామే, అదే. గది ఒకటి, టీచరు ఒకరు, ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులు. మ్యూజియంలో బడి తుడిచి, రంగేసి ఉంటుంది. అసలు బడి ఇంత శుభ్రంగా ఉండి ఉండదని మనసులో పెట్టుకునే చూడాలి.

ముందు పొయ్యి. నార్త్ డకోటా చలికాలంలో సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోవడం అరుదేమీ కాదు. తొమ్మిదింటికి బడి మొదలవ్వాలంటే టీచరు ఏడింటికల్లా వచ్చి బూడిద తీసి, పుల్లలు పేర్చి, బొగ్గు అంటించాలి. ఇక్కడ తవ్వే లిగ్నైట్ తేమ ఎక్కువ ఉన్న తక్కువరకం బొగ్గు. వేడి తక్కువ, బూడిద ఎక్కువ, మాటిమాటికీ వేస్తుండాలి. ఉత్త పొయ్యితో ఇంకో ఇబ్బంది: పక్కన కూర్చున్న పిల్లాడి బుగ్గలు కాలిపోతుంటే కిటికీ దగ్గర పిల్లాడి సిరాబుడ్డి గడ్డకడుతుంది. తర్వాతి కాలంలో పొయ్యి చుట్టూ రేకు తొడుగు పెట్టి, బయటి గాలి అడుగు నుంచి వచ్చేలా గొట్టం వేశారు. చల్లగాలి తొడుగు లోపల వేడెక్కి పైకి లేచి గదంతా తిరుగుతుంది. మంచి బడి అనిపించుకోవాలంటే ఈ తొడుగు పొయ్యి, ఎడమవైపు నుంచి పడే వెలుతురు ఉండాలని తనిఖీ వాళ్లు చూసేవాళ్లు. ఎడమనుంచే ఎందుకంటే, కుడిచేత్తో రాసే పిల్లల చెయ్యి నీడ కాగితం మీద పడదు.

తర్వాత బల్లల ముందున్న పొడవాటి బెంచీ. పాఠం అప్పగించేది దాని మీద కూర్చునే. ఎనిమిది తరగతులు, వాటికి చదవడం, లెక్కలు, స్పెల్లింగు, భూగోళం, చరిత్ర, వ్యాకరణం. కలిపితే రోజుకు పాతిక నుంచి ముప్పై పాఠాలు. తొమ్మిది నుంచి నాలుగు దాకా బడి, మధ్యలో గంట భోజనం, పొద్దునా సాయంత్రం పావుగంట ఆట. మిగిలేది అయిదున్నర గంటలు. భాగిస్తే పాఠానికి పదకొండు నుంచి పదమూడు నిమిషాలు, అందులోనే బెంచీ ఎక్కడం, దిగడం. మూడో తరగతి ముందుకొచ్చి ఎక్కం చెబుతుంటే మిగతా ఏడు తరగతులూ తమ పని తాము చేసుకోవాలి.

ఈ పద్ధతిలో లాభం ఉంది. చురుకైన పిల్ల పై తరగతుల పాఠాలు చెవిన పడి ముందే నేర్చేస్తుంది. నష్టం లెక్కల్లో. భిన్నాలు అర్థం కాని పిల్లాడికి రెండోసారి చెప్పడానికి పన్నెండు నిమిషాల్లో చోటు ఎక్కడ? అందుకే పెద్దపిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించేవాళ్లు. ఇది గొప్ప బోధనా సిద్ధాంతమేమీ కాదు, గడియారం చేయించిన పని.

మూల బల్ల మీద నీళ్ల బకెట్, ముంత. అందరికీ ఒకే ముంత, క్షయ రోగం ఉన్న రోజుల్లో. 1909లో కాన్సస్ ఉమ్మడి ముంతను నిషేధించాక ఇతర రాష్ట్రాలూ ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. గోడవారన తిండి డబ్బాలు, చాలావరకు పాకం డబ్బాలే. మధ్యాహ్నానికి వేడి కూడు పెట్టడానికి ఓ ఉపాయం ఉండేది. ఇంటి నుంచి గాజుసీసాలో సూపో, కూరో తెస్తారు. పదిన్నరకు పొయ్యి మీద వెడల్పు గిన్నెలో రెండంగుళాల నీళ్లు పోసి సీసాలు నిలబెడతారు. మూత వదులు చేయాలి, లేకపోతే ఆవిరికి పగులుతుంది. అడుగున చెక్కపలకో గుడ్డో వేయాలి, లేకపోతే సీసా అడుగు ఊడుతుంది. సీసా మీద పేరు రాసిన పట్టీ కట్టకపోతే పన్నెండింటికి తగాదా.

చిన్న రేకు పళ్లెంలో లేత పసుపు జిగురులాంటిది కనబడితే అది హెక్టోగ్రాఫ్, ఆ బడికి జిరాక్స్ మిషను. జెలటిన్, గ్లిజరిన్ కలిపి కాచి పోస్తారు. ఊదారంగు సిరాతో ప్రశ్నపత్రం రాసి దాని మీద అద్ది, నిమిషం ఆగి తీస్తే రాత జెల్లీలోకి దిగుతుంది. ఆపైన తెల్లకాగితాలు ఒక్కొక్కటే అద్దాలి. ముప్పై నలభై కాపీలు వచ్చేసరికి రంగు పలచబడిపోతుంది. రాత్రంతా వదిలేస్తే సిరా అడుక్కి దిగి, మర్నాడు మళ్లీ వాడుకోవచ్చు. ఎండాకాలం జెల్లీ మెత్తబడి కాగితానికి అంటుకుని చిరుగుతుంది.

జీతం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నెలకు 30, 40 డాలర్లు, అదీ బడి నడిచిన నెలలకే. ఎవరో రైతు ఇంట్లో మకాం, అందుకు డబ్బు కట్టాలి. పిల్లలతో కలిసి పడక, వాళ్లతోపాటే మంచులో నడక. పెళ్లయితే చాలాచోట్ల ఉద్యోగం వదులుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో టీచర్లు దొరక్క ఆ కట్టు సడలింది. ఏళ్ల తరబడి బోర్డు మీద సుద్దముక్క వదలని పంతులమ్మల్లో పెళ్లి కానివాళ్లే ఎక్కువ ఉన్నారంటే, అది త్యాగమని మురిసిపోయే ముందు ఈ నిబంధన గుర్తుచేసుకోవాలి.

ఆదివారం: మేవిల్, పోర్ట్‌లాండ్

ఫార్గో నుంచి మేవిల్ దాదాపు వంద కిలోమీటర్లు. దారిలో దక్షిణంగా బ్లాంచర్డ్ దగ్గర సుమారు 2,000 అడుగుల టీవీ స్తంభం కనిపిస్తూనే ఉంటుంది. 1963లో కట్టినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం. చుట్టూ గోధుమ పైరు తప్ప మరేమీ లేకపోవడంతో దాని ఎత్తు కంటికి ఆనదు.

ఆదివారం పొద్దున లూథరన్ చర్చికి వెళ్తే ప్రార్థన అయ్యాక కింది అంతస్తులో కాఫీకి పిలుస్తారు. ఇక్కడి మర్యాద ఒకటి తెలుసుకోవాలి. మొదటిసారి పెట్టబోతే వద్దనడం, రెండోసారి మొహమాటపడటం, మూడోసారికి "సరే, కొంచెం" అనడం. మన ఇళ్లలో పద్ధతే కాబట్టి ఇబ్బంది లేదు. మొదటిసారే ప్లేటు చాపితే ఏమీ అనరుగాని చూస్తారు. సెలవు తీసుకోవడం కూడా కుర్చీ దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి, కారు దగ్గర ఒకసారి.

కాఫీలో గుడ్డు వేస్తారు, అబద్ధం కాదు. ముప్పావు కప్పు కాఫీపొడిలో ఒక గుడ్డు, పెంకుతో సహా నలిపి, కొంచెం చన్నీళ్లతో ముద్ద చేస్తారు. తొమ్మిది కప్పుల మరిగే నీళ్లలో వేసి మూడు నిమిషాలు ఉడికించి దించుతారు. పైన తేలిన గడ్డ మీద కప్పు చన్నీళ్లు పోస్తే పొడి అంతా గుడ్డుతో కలిసి అడుక్కి దిగుతుంది. వడగడితే తేనెరంగు కాఫీ, చేదు లేకుండా. గుడ్డు తినని వాళ్లు ముందే అడగాలి, చూస్తే తెలియదు.

లెఫ్స అనే నార్వే రొట్టె మాత్రం మనవాళ్లకు పరాయిగా అనిపించదు, పూర్ణం లేని బొబ్బట్టే. ఉడికించిన బంగాళాదుంపలు వేడిమీదే జల్లెడ గొట్టంలో నొక్కి, నాలుగు కప్పులకు పావుకప్పు వెన్న, కొంచెం మీగడ, ఉప్పు, చెంచా చక్కెర కలిపి రాత్రంతా చల్లార్చాలి. మైదా ఒకటి నుంచి ఒకటింబావు కప్పు, అదీ ఒత్తబోయే ముందే కలపాలి. ముందు కలిపి ఉంచితే బంగాళాదుంప నీరు వదిలి ముద్ద జారిపోతుంది, ఇంకా పిండి వేస్తే గట్టిపడి రొట్టె చెప్పులా వస్తుంది. గాళ్లున్న కర్రతో, గుడ్డ తొడిగిన పీట మీద ఒత్తి, పొడవాటి బద్దతో లేపి, బాగా కాలిన పెనం మీద వేస్తారు. గోధుమరంగు మచ్చలు రాగానే తిప్పాలి. వెన్న, చక్కెర రాసి చుట్టుకుని తింటారు. జులైలో తాజావి దొరకవు, దుకాణంలో చల్లపెట్టెలోంచి ఆరేడు డాలర్ల ప్యాకెట్టే.

ఈ చర్చి గది బడి కథలో చిన్న పాత్ర కాదు. నార్వేలో 1736 నుంచి కన్ఫర్మేషన్, అంటే పిల్లలు చర్చిలో తమ విశ్వాసాన్ని ఖాయం చేసుకునే క్రతువు, తప్పనిసరి, దానికి చదవడం రావాలి. 1739 నుంచి ఊరూరా తిరిగి ఇళ్లలో పాఠం చెప్పే సంచార బడి పంతుళ్లు ఉండేవాళ్లు. అమెరికా వచ్చాక ప్రభుత్వ బడిలో మతం చెప్పరు, నార్వే భాష చెప్పరు. 1860, 70ల్లో కొందరు పాదిరీలు ఆ బడులు వద్దన్నారు, మరికొందరు నార్వే వాళ్లే వాటి తరఫున గట్టిగా నిలబడ్డారు. రైతులు మధ్యేమార్గం పట్టారు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ బడి, అది మూసిన వారాల్లో నార్వే భాషలో మతం బడి. చాలాసార్లు గది అదే, పిల్లలూ వాళ్లే. ఒక బడిలో భూగోళం, మరో బడిలో లూథర్ ప్రశ్నోత్తరాలు కంఠతా. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్లల్లోంచే తర్వాతి తరం పంతులమ్మలు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ రెండు భాషల బతుకు మీద అనుమానం పడింది. 1918 మేలో అయోవా గవర్నర్ హార్డింగ్ బడిలో, చర్చిలో, చివరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లిష్ తప్ప మరో భాష వద్దని ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడి నార్వే వాళ్లూ అందులో చిక్కుకున్నారు.

మేవిల్ స్టేట్ యూనివర్సిటీ నార్త్ డకోటా రాష్ట్రం ఏర్పడిన 1889లోనే నార్మల్ స్కూల్‌గా ఆ రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది. ఓగోట్ చదివింది ఇక్కడే. ఇప్పటికీ టీచర్ చదువులకే పేరు. పాత ఇటుక భవనం ఓల్డ్ మెయిన్ చుట్టూ చెట్ల నీడలో నడవొచ్చు, ఎవరూ ఆపరు. నాలుగు కిలోమీటర్లలోపే పోర్ట్‌లాండ్. అక్కడ నార్వే లూథరన్లు 1889లో బ్రుఫ్లాట్ అకాడమీ పెట్టారు. అటు ప్రభుత్వ నార్మల్ స్కూల్, ఇటు చర్చి అకాడమీ. రెంటి మధ్య గంట నడక. పాదిరీల వాదన అంతా ఆ రోడ్డు మీద కొలవొచ్చు.

సోమవారం: హాటన్, న్యూబర్గ్, గూస్ నది

మేవిల్ నుంచి హాటన్ పాతిక కిలోమీటర్ల పైన. ఊళ్లో కార్ల్ బెన్ ఐల్సన్ కుటుంబం ఉన్న ఇల్లు మ్యూజియం. 1928లో అన్వేషకుడు విల్కిన్స్‌తో కలిసి ఆర్కిటిక్ మీదుగా విమానం నడిపిన ఐల్సన్ ఈ ఊరి నార్వే కుటుంబం బిడ్డ, అలాస్కాలో కొన్నాళ్లు బడిపంతులు కూడా. మ్యూజియం తెరిచే వేళలు తక్కువ, ముందురోజు ఫోన్ చేసుకోవాలి.

ఊరి కాఫీ హోటల్లో పొద్దున ఆరింటికే రైతులు చేరతారు. రెండు గుడ్లు, బంగాళాదుంపలు, టోస్టు, కాఫీ పన్నెండు డాలర్లు, పైన పదిహేను ఇరవై శాతం టిప్పు. జూన్‌బెర్రీ పై ముక్క ఉంటే వదలొద్దు. నేరేడు రంగులో ఉండే చిన్న పండు, జులై మొదట్లో పొదల మీద పండుతుంది, రుచిలో బాదం వాసన ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు, ఎందుకు వచ్చారని మాత్రం అడగరు. మనమే చెప్పాలి. చెబితే ఫలానా మలుపులో పాత బడి ఉందని కాగితం రుమాలు మీద గీసి ఇస్తారు.

అసలు పని తర్వాతే, మట్టిరోడ్ల మీద. ఇక్కడి నేలంతా చదరాలు. ఆరు మైళ్లు పొడవు, ఆరు మైళ్లు వెడల్పు ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి చదరపు మైలు, 640 ఎకరాలు. ప్రతి టౌన్‌షిప్‌లో 16వ, 36వ సెక్షన్లు బడుల కోసం. ఎకరం పది డాలర్లకు తక్కువ అమ్మకూడదని 1889 చట్టం గిరిగీసింది. ఆ భూమి మీద వచ్చిన సొమ్ము బడుల నిధికి పోతుంది. బడి ఆ సెక్షన్‌లోనే కట్టాలనేమీ లేదు. పిల్లలు రెండు మైళ్లకు మించి నడవకుండా చూసి, ఎవరో రైతు మూలన విడిచిన చోట కట్టేవాళ్లు.

అవెన్యూలు ఉత్తర దక్షిణాలుగా, స్ట్రీట్లు తూర్పు పడమరలుగా, మైలుకో నంబరు పెరుగుతూ పోతాయి. నంబర్లు పట్టుకుంటే దారి తప్పడం కష్టమనిపిస్తుంది, కాని తప్పుతారు. మొదటి కారణం: భూమి గుండ్రం కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ ఉత్తర దక్షిణ రేఖలు దగ్గరపడతాయి. సర్వేవాళ్లు ప్రతి 24 మైళ్లకు లెక్క సరిచేశారు. అక్కడ తిన్నని రోడ్డు ఉన్నట్టుండి పక్కకు జరిగి మళ్లీ తిన్నగా పోతుంది, వేగంగా వస్తే కాలువలోకే. రెండోది నది. గూస్ నది వంకర్లు తిరుగుతుంది, మ్యాప్‌లో ఉన్న రోడ్డుకు వంతెన ఉండదు. మూడోది కనీస నిర్వహణ రోడ్డు అని రాసిన పసుపు బోర్డు. అది దాటితే గడ్డి మధ్య రెండు చాళ్లే. వాన పడితే ఈ నల్లమట్టి టైరుకు బూరెల పాకంలా చుట్టుకుంటుంది, నాలుగు చక్రాల బండి కూడా కదలదు. వాన పడ్డ మర్నాడు కంకర రోడ్డు వదలకూడదు. ఎదురొచ్చే పికప్ డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తుతాడు, మనమూ ఎత్తాలి.

నది దగ్గరికి దిగితే నార్వే రైతులు ఇక్కడే ఎందుకు ఆగారో చెప్పకుండానే తెలుస్తుంది. అప్పట్లో చుట్టూ ఎటు చూసినా గడ్డిమైదానం, చెట్టన్నది లేదు. నది వెంట మాత్రం ఓక్, ఎల్మ్, బాక్స్ ఎల్డర్ చెట్లు. ఇంటికి దుంగలు, పొయ్యికి కట్టెలు, పశువులకు నీళ్లు. 1870ల్లో వచ్చిన నార్వే కుటుంబాలు ముందు నదుల వెంటే భూములు పట్టాయి, చెట్లు లేని బయలు రైలు వచ్చాక నిండింది. ముందొచ్చిన వాళ్లకు కట్టెలు దక్కాయి, బడి మాత్రం వెంటనే రాలేదు. ఓగోట్ తరం పిల్లలు చదువు కోసం ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసింది అందుకే. ఇంటి పనికి, ఇతరుల ఇళ్లలో కూలికి పోను మిగిలిన వారాలే చదువు. వయసు మీరాక చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడకపోవడమే అప్పట్లో సగం చదువు.

ఒడ్డున గడ్డిలోకి దిగేటప్పుడు ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపాలి. జులైలో పిడుదులు ఉంటాయి, సాయంత్రం ఒళ్లంతా వెతుక్కోవాలి. దోమల సంగతి చెప్పక్కర్లేదు. నది ఒడ్డు చాలావరకు సొంత భూములే, అడిగితే కాదనరు, అడగకుండా కంచె దాటితే బాగుండదు.

మంగళవారం: ఫిన్లీ, హోప్

హాటన్ నుంచి ఫిన్లీ నలభై కిలోమీటర్ల పైన. స్టీల్ కౌంటీకి ఇప్పుడు ఇదే కేంద్రం. అంతకుముందు షెర్‌బ్రుక్ ఉండేది. రైలు అటు రాలేదు, కౌంటీ కార్యాలయం ఫిన్లీకి మారింది, షెర్‌బ్రుక్ ఊరే పోయింది. కౌంటీ మొత్తం జనాభా ఇప్పుడు రెండు వేల లోపు.

సూపరింటెండెంటు పని ఏమిటో ఇక్కడ లెక్క కట్టొచ్చు. కౌంటీ 715 చదరపు మైళ్లు, అంటే దాదాపు ఇరవై టౌన్‌షిప్‌లు. టౌన్‌షిప్‌కు నాలుగు బడులు అనుకుంటే ఎనభై. ప్రతి బడినీ ఏడాదికి ఒకసారైనా చూడాలి. గుర్రపు బగ్గీ మీద గంటకు అయిదు మైళ్లు, మట్టి ఎండితేనే. రోజుకు రెండు బడులు, మహా అయితే మూడు. చూసి రావడమే కాదు. టీచర్ల సర్టిఫికెట్ పరీక్షలు, ఎనిమిదో తరగతి పరీక్షలు, పుస్తకాల లెక్కలు, పొయ్యి కొనడానికి ఒప్పుకోని బోర్డు సభ్యులను ఒప్పించడం. అదే రైతు మర్నాడు ఓటరు, ఎందుకంటే అది ఎన్నికల పదవి.

ఆడవాళ్లకు ఇక్కడ అంత తొందరగా దారి దొరకడానికి కారణముంది. డకోటా టెరిటరీలో 1883 నుంచే బడి ఎన్నికల్లో ఆడవాళ్లు ఓటెయ్యొచ్చు. 1892లో లారా ఐసెన్‌హుత్ రాష్ట్రం మొత్తానికి బడుల సూపరింటెండెంట్‌గా గెలిచింది. అమెరికాలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి మహిళ ఆవిడే. ఇతర పదవులకు ఓటు లేదు, బడికి మాత్రం ఉంది. గూస్ నది ఒడ్డున పెరిగిన రైతు కూతురు కౌంటీ సూపరింటెండెంట్ అయిందంటే ఆమె పట్టుదలతో పాటు ఈ సందునూ చూడాలి.

ఫిన్లీ నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లలో హోప్. స్టీల్ కౌంటీ మ్యూజియం ఇక్కడే. పాత ఫోటోల్లో బడి మెట్ల మీద వరసగా నిలబడ్డ పిల్లలు, చివర్న పంతులమ్మ. ఆమె పెద్దపిల్లల కంటే రెండు మూడేళ్లే పెద్దదిగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. తక్కువరకం సర్టిఫికెట్‌తో పద్దెనిమిదేళ్లకే బడిలో నిలబడేవాళ్లు. ఇంటిపేర్లు చదివితే చాలావరకు నార్వేలోని పొలాల పేర్లే.

ఈ దారిలో నిలబడి ఉన్న పాత బడులు మూడు రకాలు. టౌన్‌షిప్ సమావేశ గది అయినవి బాగున్నాయి, రంగేస్తున్నారు. ధాన్యం కొట్టు అయినవి కిటికీలు మూసి వంగిపోయాయి. మిగతావి కూలి, లిలాక్ పొద ఒక్కటే మిగిలింది. బయల్లో ఎక్కడైనా వరసగా నాటినట్టు లిలాక్ కనబడితే అక్కడ ఇల్లో బడో ఉండేదని అర్థం. పునాది రాళ్ల దగ్గర జాగ్రత్త, పాత బావికి మూత ఉండకపోవచ్చు. చదువుకునే పిల్లల్ని బస్సులు పట్టణం బడికి తీసుకెళ్లడం మొదలయ్యాక ఇవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. అందుకు బాధపడే వాళ్లు ఉన్నారు. కాని పాఠానికి పన్నెండు నిమిషాల లెక్క చూశాక, పాత బడే మేలని ఒప్పుకోవడం కష్టం.

బుధవారం: మళ్లీ ఫార్గో

ఓగోట్ రోఎన్ కాగితాలు నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ముందే ఈమెయిల్ పెట్టి ఏ పెట్టె కావాలో చెప్పాలి. అప్పటికప్పుడు వెళ్తే బయటకు తీయడం కుదరకపోవచ్చు. పెన్ను పనికిరాదు, పెన్సిలే. సంచీ బయట పెట్టాలి. ఫోటోలు తీసుకోవచ్చేమో అక్కడి వాళ్లనే అడగాలి, అచ్చుకు వేరే అనుమతి. ఇక్కడికి ఆఖర్న రావడమే మేలు. రోడ్లు, సెక్షన్లు, ఊళ్ల దూరాలు కంటికి తెలిశాక కాగితంలో "బడి చూసి వచ్చాను" అన్న ఒక్క ముక్క వెనక ఎన్ని మైళ్లున్నాయో తెలుస్తుంది.

ఖర్చు: పల్లె మోటెల్ రాత్రికి 80 నుంచి 100 డాలర్లు, ఫార్గోలో ఇంకాస్త ఎక్కువ. భోజనం మనిషికి రోజుకు 35 డాలర్లు చాలు. పల్లె మ్యూజియాల్లో టికెట్ కంటే విరాళం డబ్బాయే ఎక్కువ కనబడుతుంది, అయిదో పదో వేయడం మర్యాద, అందుకు చిల్లర నోట్లు ఉంచుకోవాలి. మేవిల్ దాటాక పెట్రోలు బంకులు ఊరికొకటే. సగం ట్యాంకు దగ్గరే నింపుకోవాలి. లుటెఫిస్క్ విందులు చూడాలనుకుంటే జులై కాదు, అక్టోబరు, నవంబరు. ఆ చేపను క్షారపు నీళ్లలో నానబెడతారు, వాసన చర్చి మెట్ల దాకా వస్తుంది. లెఫ్స మాత్రం అప్పుడు తాజాగా దొరుకుతుంది.